కోడ్ ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు

(స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తలకు, డ్రైవర్లకు జరిగిన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు ఏ గృహహింస చట్టం గురించో, పనిచేసే చోట వేధింపుల గురించో చెబుతాననుకుని వుంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ గదిలోనే వున్నారు. నేను కారు ఇంజన్ని నడిపే కంప్యూటర్ గురించి, అది చెడిపోయిందని చెప్పే ఒక చిన్న నంబరు గురించి మాట్లాడతాను. నేను మెకానిక్‌ని కాదు, సోషియాలజీ చదువుకున్నదాన్ని. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే, పోయిన వానాకాలం మా సంస్థలో జరిగిన సంగతి ముందు చెప్పాలి. అందులో నా తప్పు కూడా వుంది.

మా సంస్థకి ఒక పాత బండి వుంది. బీఎస్-4 కాలం నాటిది. నాలుగేళ్ళుగా దాన్ని నడుపుతున్నది ఒక స్త్రీ. భర్త పోయాక డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తీసుకుని మా దగ్గర చేరింది. అర్ధరాత్రి ఫోనొస్తే బయల్దేరేది ఆమే. ఆ రాత్రి ఖమ్మం జిల్లాలో ఒక పల్లె నుంచి, భర్త కొడితే తలకి గాయమైన ఒకామెనీ, ఆమె ఇద్దరు పిల్లల్నీ ఖమ్మం ఆస్పత్రికి తీసుకొస్తోంది. బయట వాన. దారిలో డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ వున్న పసుపుపచ్చ దీపం వెలిగింది. కాసేపటికి బండి ఆగిపోయింది. భర్త తరఫువాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వెతుకుతున్నారని వాళ్ళకి తెలుసు. మా డ్రైవరు లైట్లు ఆర్పేసి, ముగ్గుర్నీ కల్వర్టు పక్కన చీకట్లో కూర్చోబెట్టింది. ఆటో దొరికేసరికి గంటంపావు పట్టింది. ఆ గంటంపావూ ఆమె గాయానికి కొంగు అదిమిపట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. ఆస్పత్రిలో ఏడు కుట్లు పడ్డాయి.

మర్నాడు బండిని తాడు కట్టి లాక్కెళ్ళి ఒక సర్వీసు సెంటర్లో పెట్టాం. వాళ్ళు స్కానర్ తగిలించి, కాగితమ్మీద ఒక కోడ్ రాసిచ్చారు. పి 0606. దాని కింద ఒకే వాక్యం: ఇంజన్ కంప్యూటర్ పోయింది, కొత్తది వేయాలి. అంచనా 46 వేల రూపాయలు. అక్కడి సూపర్‌వైజరు నా వైపు తిరిగి, "ఆడ డ్రైవరా మేడమ్? నీళ్ళున్నచోట చూసుకోకుండా పోనిచ్చి వుంటుంది" అన్నాడు.

మా కమిటీ సమావేశం పెట్టుకున్నాం. 46 వేలు మాకు చిన్న మొత్తం కాదు. డబ్బు సంగతి తేలకముందే మాట డ్రైవరు మీదికి మళ్ళింది. రాత్రిళ్ళు తిరిగే పనికి మగ డ్రైవరైతే నయమేమో అని ఒకరన్నారు. వాళ్ళూ మనలాంటి కార్యకర్తే. ఆ అమ్మాయిని లోపలికి పిలిచి అడిగాం. ఆమె చెప్పింది: "అక్కా, నేను నీళ్ళలోకి పోనివ్వలేదు. ఆ దీపం పది రోజుల నుంచీ వస్తా వుంది. పగలు రాదు. రాత్రి లైట్లూ, ఏసీ గాలీ రెండూ వేసినప్పుడే వస్తది. ఆ రోజు కూడా లైట్లు ఆర్పాక స్టార్టయింది. లైటు వెయ్యగానే మళ్ళీ ఆగింది. చీకట్లో లైట్లు లేకుండా, అందులో వానలో, పిల్లల్ని పెట్టుకుని ఎట్లా నడపను?"

నేనన్నాను, "వాళ్ళ దగ్గర మిషన్ వుంది కదమ్మా, వాళ్ళకి తెలియదా?" అని.

ఇరవై ఏళ్ళుగా స్త్రీల అనుభవం కూడా జ్ఞానమేనని వ్యాసాలు రాస్తున్నదాన్ని. ఎదురుగా కూర్చుని ఒక స్త్రీ తను చేతులతో, చెవులతో తెలుసుకున్నది చెబుతుంటే, ఒక కాగితమ్మీది నంబరు చూపించి ఆమె నోరు మూయించాను.

ఆమె మా మాట మీద ఆగలేదు. కంప్యూటర్ మార్చే ముందు ఇంకొకరికి చూపిద్దామని పట్టుబట్టింది. ఊళ్ళో ఒక షెడ్డులో పనిచేసే ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండిని చేర్పించింది. నేనూ వెళ్ళాను. ఆయన స్కానర్ బయటికి తీయకముందే డ్రైవరుని అడిగిన మొదటి ప్రశ్న: "ఎప్పుడొస్తదమ్మా?" ఈ ప్రశ్న మా కమిటీలో ఎవరమూ అడగలేదు. సర్వీసు సెంటర్లోనూ అడగలేదు.

ఆయన దగ్గర ఆ మధ్యాహ్నం నేర్చుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీకు చెబుతాను. మీలో చాలామంది సంస్థల బళ్ళ మీద ఆధారపడి పనిచేస్తున్నారు. మీకు పనికొస్తుంది.

స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్ళ దగ్గర 16 పిన్నులున్న ఒక సాకెట్ వుంటుంది. స్కానర్ని అక్కడ తగిలిస్తారు. కోడ్‌లో మొదటి అక్షరం ఏ విభాగమో చెబుతుంది. పి అంటే ఇంజన్, గేర్‌బాక్సు. బి అంటే బాడీ. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. యు అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వ్యవస్థ. తర్వాతి అంకె 0 అయితే ఆ కోడ్‌కి అన్ని కంపెనీల బళ్ళలోనూ ఒకటే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్. దాని తర్వాతి అంకె ఏ పనిలో తేడా వచ్చిందో చెబుతుంది. 1, 2 గాలీ ఇంధనం. 3 మండే ప్రక్రియ. 4 పొగని శుభ్రపరిచే ఏర్పాట్లు. 6 కంప్యూటరూ దాని సర్క్యూట్లూ.

ఇక్కడ అసలు విషయం వుంది. కోడ్ ఏ భాగం పోయిందో చెప్పదు. ఏ లెక్క తప్పిందో చెబుతుంది. ఉదాహరణకి పి 0171 అనే కోడ్ వుంది. ఇంజన్లో గాలి పాలు ఎక్కువై ఇంధనం పాలు తక్కువైందని దాని అర్థం. ఆ సంగతి కనిపెట్టింది ఆక్సిజన్ సెన్సర్. చాలాచోట్ల ఈ కోడ్ రాగానే ఆక్సిజన్ సెన్సర్నే మారుస్తారు. కానీ గాలి గొట్టం చీలి వుండొచ్చు, ఇంధనం పంపు బలహీనపడి వుండొచ్చు. సెన్సర్ తన పని తాను సరిగ్గానే చేసి వుండొచ్చు.

మా పి 0606 కూడా అంతే. కంప్యూటర్ తన ప్రాసెసర్ని తానే పరీక్షించుకుంటూ వుంటుంది. లెక్క కుదరకపోతే ఈ కోడ్ పెడుతుంది. నిజంగా కంప్యూటర్ పోయినప్పుడూ ఇది వస్తుంది. దానికి అందవలసిన కరెంటు సరిగ్గా అందనప్పుడూ రావచ్చు. తిండి చాలక కళ్ళు తిరిగి పడిపోయిన ఆడమనిషికి తలలోనే ఏదో జబ్బుందని మందులు రాసే డాక్టర్లని మనం చూశాం కదా. ఇదీ అలాంటిదే.

ఎలక్ట్రీషియన్ స్కానర్ తగిలిస్తే రెండు కోడ్‌లు కనిపించాయి. పి 0606తో పాటు పి 0562 కూడా వుంది. వోల్టేజి తక్కువగా వుందని ఆ రెండో కోడ్ అర్థం. మాకిచ్చిన కాగితమ్మీద ఇది లేదు. ఎందుకు రాయలేదో నాకు తెలియదు. రాసి వుంటే 46 వేల అంచనా ఇవ్వడం అంత సులువయ్యేది కాదు.

ఆయన కోడ్‌లని చెరపకుండా ముందు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మల్టీమీటర్ తీసి మా డ్రైవరు చేతికే ఇచ్చాడు. ఇంజన్ ఆపి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు. స్టార్ట్ చేస్తే 14.1. రెండూ సరిగ్గానే వున్నాయి. ఇక కంప్యూటర్ తనకెంత అందుతోందనుకుంటోందో స్కానర్లో చూశాం. 13.9. అదీ బాగానే వుంది. అప్పుడాయన, "నువ్వు చెప్పినట్టే చెయ్యి" అన్నాడు. ఆమె లైట్లు వేసి, ఏసీ గాలి పూర్తిగా తిప్పింది. బ్యాటరీ దగ్గర దాదాపు అంతే వుంది. కంప్యూటర్ దగ్గర మాత్రం 11.2కి పడిపోయింది. పసుపుపచ్చ దీపం వెలిగింది.

అంటే కరెంటు వుంది. దారిలో పోతోంది. ఇంజన్ని అలాగే నడవనిచ్చి, మీటర్ ఒక కొసని బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొసని బండి బాడీ మీద పెట్టించాడు. ఎర్త్ బాగుంటే అక్కడ 0.1 వోల్టు కూడా చూపించకూడదట. 2.6 చూపించింది. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ తీగ బోల్టు విప్పితే పచ్చగా చిలుము పట్టి వుంది. లోపల తీగ పోగులు సగానికి పైగా తెగిపోయాయి. లైట్లూ, ఏసీ గాలి మోటారూ, ఇంజన్ కంప్యూటరూ అన్నీ ఆ ఒక్క తీగ మీదుగానే తిరిగి వెళ్ళాలి. రెండు పెద్ద పనులు ఒకేసారి పడేసరికి అది మోయలేకపోయింది. వానకి తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ అమ్మాయి పది రోజులుగా చెబుతున్నది ఇదే.

కొత్త ఎర్త్ తీగ, ఒక టెర్మినల్, ఎమరీ కాగితంతో గీకి శుభ్రం చేసిన కూలి, అంతా కలిపి 650 రూపాయలు. కోడ్‌లు చెరిపేసి, మళ్ళీ లైట్లూ, గాలీ రెండూ వేసుకుని రెండు రాత్రులు తిప్పి చూశాం. దీపం మళ్ళీ వెలగలేదు.

మేం కంప్యూటరే మార్చి వుంటే ఏమయ్యేదో ఆలోచించండి. కొత్త కంప్యూటర్ని బండి తాళంతో జతపరచాలి, అందులోకి ప్రోగ్రాం ఎక్కించాలి. ఆ పరికరాలు అందరి దగ్గరా వుండవు. ఇంత ఖర్చూ పెట్టాక ఒక వాన రాత్రి అదే రోడ్డు మీద మళ్ళీ ఆగేది. అప్పటికి ఆ అమ్మాయి మా దగ్గర వుండేది కాదు.

ఈ దీపం గురించి చదువుతుంటే ఒక సంగతి నన్ను ఆకట్టుకుంది. దాన్ని కంపెనీలు దయతలచి పెట్టలేదు. లాస్ ఏంజెలెస్ నగరంలో 1940ల నుంచీ జనం కళ్ళు మండించే పొగమంచుతో బాధపడ్డారు. అది చాలావరకు కార్ల పొగ వల్లనేనని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950లలో తేల్చాడు. 1958లో అక్కడి స్త్రీలు 'స్టాంప్ ఔట్ స్మాగ్' అనే సంఘం పెట్టుకుని ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. 1967లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఏర్పడింది. బండి తన పొగ సంగతి తానే కనిపెట్టి చెప్పాలన్న నియమాన్ని ఆ బోర్డే 1988 మోడల్ కార్లతో మొదలుపెట్టింది. 1996 నుంచి అమెరికా అంతటా ఒకే సాకెట్, ఒకే రకం కోడ్‌లు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో బీఎస్-4 కార్లకి 2010లో మొదటి దశగా, 2013లో రెండో దశగా ఈ ఏర్పాటు వచ్చింది. అంటే ఆ దీపం పీల్చే గాలి కోసం జనం చేసిన పోరాటంలో పుట్టింది. అందరూ చదవగలగాలని పెట్టిన అక్షరాలవి. ఇప్పుడు అవే అక్షరాలతో మనల్ని బెదిరిస్తున్నారు.

కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే అనుకోవడం కూడా పొరపాటు. అది రాయించినవాళ్ళు చెప్పమన్నదే చెబుతుంది. 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ ఏం చేసిందో బయటపడింది. పరీక్ష జరుగుతున్నప్పుడు గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే పొగ తగ్గించేలా డీజిల్ ఇంజన్ కంప్యూటర్లని తయారుచేశారు. ప్రపంచమంతటా దాదాపు కోటీ పది లక్షల కార్లలో ఆ ఏర్పాటు వుంది. ఆ కార్లు రోడ్డు మీద అసలెంత పొగ వదులుతున్నాయో విడిగా కొలిచి చూసిన విశ్వవిద్యాలయ పరిశోధకుల వల్లనే అది బయటికొచ్చింది.

మరి ఆడవాళ్ళకి ఇందులో ప్రత్యేకంగా జరిగే అన్యాయం ఏమిటి? అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక పత్రం వెలువరించారు. స్త్రీల చేత, పురుషుల చేత కారు రిపేరు షాపులకి ఫోన్లు చేయించి, రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. ధర గురించి తమకేమీ తెలియదన్నట్టు మాట్లాడినప్పుడు స్త్రీలకి పురుషులకంటే ఎక్కువ ధర చెప్పారు. తామే ఒక ధర అనుకుని అడిగినప్పుడు ఆ తేడా పోయింది. తెలియదు అన్నమాట ఆడగొంతులో వినబడితే దానికి అదనపు వెల కడుతున్నారన్నమాట. ఆ తెలియకపోవడం మన పుట్టుకతో వచ్చింది కాదు. మగపిల్లాడు పదేళ్ళకే షెడ్డు దగ్గర స్పానర్లు అందిస్తూ నిలబడొచ్చు. ఆడపిల్ల నిలబడితే ఇంట్లో అడుగుతారు, అక్కడేం పని అని.

చట్టంలో మనకి కొంత ఆసరా వుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలనీ, లోపాలు కనిపెట్టే పరికరాలనీ బయటి మెకానిక్‌లకి అందకుండా చేశారన్నది అభియోగం. వాటిని బయటివాళ్ళకీ అందుబాటులో వుంచాలని ఆదేశించింది. జరిమానా మీద తర్వాత అప్పీళ్ళు నడిచాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో మోటారు వాహనాలని కూడా చేర్చారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో వుంది. కొన్నదాని గురించీ, పొందిన సేవ గురించీ వివరాలు తెలుసుకునే హక్కు మనకుందని ఆ చట్టం చెబుతోంది. ఫిర్యాదుకి 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు.

ఈసారి ఎవరైనా కంప్యూటర్ పోయిందని చెబితే ఈ నాలుగూ అడగండి. ఒకటి, స్కానర్లో కనిపించిన కోడ్‌లన్నీ రాసివ్వండి, మేం ఒప్పుకునేదాకా చెరపకండి. రెండు, కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేగం, వేడి ఎంతున్నాయో చాలా బళ్ళలో నమోదై వుంటుంది, అది చూపించండి. మూడు, కంప్యూటర్‌కి కరెంటు తెచ్చే తీగలూ, ఎర్త్ తీగలూ, ఫ్యూజులూ మీటర్ పెట్టి చూశారా? ఎన్ని వోల్టులున్నాయి? నాలుగు, మార్చిన భాగం మాకు తిరిగి ఇవ్వండి. ఇవన్నీ చూశాక కూడా కంప్యూటరే పోయిందని తేలితే మార్చుకోవాల్సిందే. నిజంగా పోయేవీ వుంటాయి.

డ్రైవర్లకి ఒక మాట. పసుపుపచ్చ ఇంజన్ దీపం నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా వెళ్ళి త్వరలో చూపించుకోవచ్చు. అదే దీపం కొట్టుకుంటూ వెలిగితే ఇంజన్ సరిగ్గా మండడం లేదని అర్థం, వేగం తగ్గించి పక్కకి ఆపాలి. ఆయిలు దీపం గానీ, వేడి దీపం గానీ ఎర్రగా వెలిగితే భద్రమైన చోటు చూసి వెంటనే ఇంజన్ ఆపేయాలి.

ఇక మన సంగతి. మన దగ్గరా కోడ్‌లున్నాయి. కొట్టించుకుని వచ్చిన స్త్రీ గంటసేపు చెప్పింది మన రిజిస్టర్లో 'కుటుంబ కలహం' అనే ఒక గడిలోకి వెళ్ళిపోతుంది. పోలీస్ స్టేషన్లో అది 498-ఎ అయ్యేది, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. నంబరు అక్కర్లేదని నేననడం లేదు. నంబరు లేకపోతే కేసు లేదు, కోడ్ లేకపోతే ఆ ఎలక్ట్రీషియన్‌కీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. కానీ ఆయన కోడ్ చూశాక కూడా ఎప్పుడొస్తదమ్మా అన్న ప్రశ్నని వదల్లేదు. మనం గడి నింపాక అడగడం మానేస్తున్నాం. జీతం వచ్చిన రోజునే కొడతాడా, పుట్టింటికి వెళ్ళొచ్చిన రోజునా, మూడో ఆడపిల్ల పుట్టాకే మొదలైందా? ఆమెకి తెలుసు. మనం అడగాలి.

తర్వాతి సమావేశంలో కమిటీ తరఫున ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాం. నేను విడిగా కూడా చెప్పాను. ఆమె కోపంగా ఏమీ మాట్లాడలేదు. "సరేలే అక్కా, ఈసారి చెప్పినప్పుడు రాసుకోండి" అంది.

ఇప్పుడు మా బండిలో ఒక నోటుపుస్తకం వుంది. ఏ దీపం వెలిగింది, ఎప్పుడు, వానా ఎండా, లైట్లు వేసి వున్నాయా, ఎంత దూరం నడిచాక వెలిగింది, అన్నీ ఆమె అందులో రాస్తుంది. కింద సంతకం ఆమెది. బండి ఏ షెడ్డుకి వెళ్ళినా ఆ పుస్తకం ముందు చూపిస్తాం, స్కానర్ తర్వాత తగిలిస్తారు. మన కేసు రిజిస్టర్లో కూడా, ఆ చిన్న గడి పక్కన ఆమె చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే రాయడానికి ఒక పేజీ వదలాలని మా సంస్థలో ప్రతిపాదించాను. ఇంకా చర్చ జరుగుతోంది. సమయం చాలదని కొందరంటున్నారు. మీ సంస్థల్లో మీరు ఎలా చేస్తున్నారో ఇప్పుడు చెప్పండి, వింటాను. రాసుకుంటాను.